పెరటి వాటాదారు

మే 6

మళ్లీ కనిపించింది. సామాన్ల గది వెంటిలేటర్లో ఒక పలక ఊడిపోయి ఏళ్లవుతోంది. ఆ సందులోంచి ముందు తల వచ్చింది, తర్వాత తీరుబడిగా మిగతాదంతా. గోడ వెంబడి దిగి, కుళాయి కింద తడిలో కాసేపు ఆగి, క్రోటన్ కుండీల వెనక్కి వెళ్లిపోయింది. నేను పిట్టల గింజల డబ్బా పట్టుకుని పెరటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. అరవలేదు. పోయినసారి కూడా అరవలేదు. బొద్దింక కనిపిస్తే స్టూలెక్కే మనిషిని, పాముని చూసి నోరు మెదపకుండా నిలబడ్డానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

జెర్రిపోతే అయి ఉంటుంది. పొడుగ్గా ఉంది, మట్టిరంగు, పడగ లేదు. పడగ విప్పలేదు అని రాయాలేమో. విప్పాల్సిన పని పడలేదు.

ఎవరికీ చెప్పను. చెబితే ఎదురింటి టైలర్ గారు కర్ర పట్టుకుని ముందు నడుస్తాడు, ఆయన వెనకాల వీధి వీధంతా. ఒక ప్రాణిని చంపడానికి మనవాళ్లకి వచ్చే ఐకమత్యం ఇంకే పనికీ రాదు.

మే 7

జెర్రిపోతే.

మే 10

రాశాను. మా ఆయన పోయాక మూడేళ్లలో ఇది మొదటి కవిత. మధ్యలో ఎవరెవరి సంతాపసభలకో నాలుగు ముక్కలు రాసిచ్చాను గానీ అవి లెక్కలోకి రావు. పొద్దున టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కరెంటు బిల్లు వెనక మొదలుపెట్టి, అది చాలక పాత శుభలేఖ కవరు చింపి దాని లోపల పూర్తిచేశాను. పేరు 'వాటాదారు'.

సీటు లేని సైకిలు కింద
నా ఇంట్లో ఒకరుంటున్నారు, ఒక పాము.
పలక ఊడిన సందులోంచి వాళ్ల రాకపోకలు.
వాళ్లకి నా పేరు తెలియదు,
నా పుస్తకాలూ తెలియవు.
నెల రోజులుగా ఒకే గోడని ఇద్దరం వాడుకుంటున్నాం.
ఈ ఇల్లు ఎవరిదని నన్నింకా అడగలేదు,
అడిగితే ఏ కాగితం చూపించను?

చివరి రెండు పాదాలు ఇంకోసారి చూసుకోవాలి. కానీ బాగుంది. బాగుందని నాకు తెలుస్తోంది, తెలిసి ఎన్నాళ్లయిందో.

వాతావరణ కేంద్రంలో పనిచేసినన్నాళ్లూ పొద్దున్నే డాబా ఎక్కి, వాన పడ్డ గరాటు కిందనుంచి సీసా తీసి, నీళ్లని గాజు కొలపాత్రలో పోసి కొలిచేదాన్ని. ఎంత పడిందో మేం చెప్పేదాకా అసలు వానే పడనట్టు ఉండేది మా ఆఫీసు వాలకం. వాన మాత్రం మా కోసం ఒక చుక్క ఎక్కువా కురవలేదు, తక్కువా కురవలేదు. నా కవిత్వమంతా ఆ డాబా మీదే మొదలైంది. మనిషి ఇక్కడ యజమాని కాదు, వాటాదారు, అదీ చిన్న వాటా. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఇదే మాట తిప్పి తిప్పి రాస్తున్నాను. ఇన్నాళ్లకి ఆ మాటకి సాక్ష్యం నా పెరట్లోకే నడిచొచ్చింది. నడిచి కాదు, సరే.

మే 14

అమ్మడు వచ్చింది, బుడ్డోణ్ణి చంకనేసుకుని. సెలవు అయిపోతోందట, జూన్ ఒకటిన మళ్లీ ల్యాబ్‌లో చేరాలి. ఇంకో నెల పొడిగించమని అడిగితే పై ఆవిడ మొహం మాడ్చుకుందట. రక్తపరీక్షల ల్యాబ్‌లో మనుషులు తక్కువ, జ్వరాలు ఎక్కువ. అల్లుడు ఒక క్రెష్ చూసొచ్చాడు, అక్కడ ఒక్క ఆయా చేతికింద బోలెడుమంది పిల్లలు, అందరి ముక్కులూ కారుతున్నాయట.

"నువ్వుండగా వాణ్ణి ఎవరి చేతుల్లోనో పెట్టడమేంటమ్మా? పొద్దున దింపేసి సాయంత్రం తీసుకెళ్తాను. నీకు ఓపికుంటేనే" అంది.

ఊఁ అన్నాను. అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఏడ్చేసేదాన్ని. వాడు పుట్టినప్పటి నుంచీ ఈ మాట కోసం కాచుకుని కూర్చున్నానని దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన పోయాక ఈ ఇంట్లో గిన్నె కిందపెట్టిన చప్పుడైనా, తలుపేసిన చప్పుడైనా అన్నీ నావే.

వాడి గుడ్డలు ఉతకడానికి అమ్మడు పెరట్లోకి బయల్దేరితే, అక్కడ పాచిపట్టి జారుతోంది, బాత్రూంలో ఉతుక్కో అన్నాను. అబద్ధమేం కాదు, పాచి ఉంది.

పాము సంగతి చెప్పలేదు. చెబితే అల్లుడు ఎవరినో ఒకరిని తీసుకొస్తాడు, నిమిషంలో చంపించేస్తారు. దాని మానాన అది బతుకుతోంది. దాని కోసమే చెప్పలేదు.

మే 15

పాముల్ని చంపకుండా పట్టుకెళ్లి దూరంగా వదిలేవాళ్ల నంబరు పేపర్లో వేశారు. చింపి దాచుకున్నాను. ఫోన్ చెయ్యలేదు. వాళ్ల వ్యాను మన గుమ్మంలో ఆగిందంటే సాయంత్రానికల్లా టైలర్ గారు అమ్మడి చెవిన వేస్తాడు. దాని స్కూలు యూనిఫాం కుట్టిన దగ్గర్నుంచీ ఆయన దానికి మేనమామనే అనుకుంటున్నాడు.

అయినా తీసుకెళ్లి కొత్తచోట వదిలితే దానికక్కడ దారీ తెన్నూ తెలుస్తుందా? ఉన్నట్టుండి ఎవరో వచ్చి మనల్ని సంచిలో వేసుకుని తెలియని ఊళ్లో దించేస్తే మనం ఏమైపోతాం? దాని కోసమే ఆలోచిస్తున్నాను.

మే 18

కవిత వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు అందిన గంటలోనే ఫోన్ చేశారు. వచ్చే వారం సంచికలోనే వేస్తారట, ఎవరో ప్రొఫెసర్ గారితో పక్కన చిన్న పరిచయం రాయిస్తారట. ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయారండీ అన్నారు. ఎక్కడికీ వెళ్లలేదు, ఇంట్లోనే ఉన్నాను, ఎవరూ ఫోన్ చెయ్యలేదు అనబోయి మానుకున్నాను. పత్రికవాళ్లతో ఎందుకొచ్చిన గొడవ.

మే 22

నాలుగైదు రోజులుగా జాడ లేదు. వెళ్లిపోయిందేమో. వెళ్లిపోతే బాగుండునని రాయబోయి ఆగాను.

మే 23

ఉంది.

మే 27

సంచిక వచ్చింది. నా కవిత కన్నా ప్రొఫెసర్ గారి పరిచయం పొడుగ్గా ఉంది. ఇందులో పాము అంటే కాలమట. సీటు లేని సైకిలు గమ్యం లేని ఆధునిక జీవితమట. సైకిలు మా ఆయనది, సీటు ఎలుకలు కొరికేశాయి, అందులో అంతకుమించి తత్వమేం లేదు. చదివి పడీ పడీ నవ్వుకున్నాను. నవ్వు పంచుకోవడానికి పక్కన ఆయన ఉంటే ఎంత బాగుండేది.

టైలర్ గారు సంచిక కొనుక్కుని మరీ వచ్చి చూపించాడు. నా ఫొటో మాత్రమే చూశానని నిజాయితీగా చెప్పాడు. ఆయన చదవనందుకు ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మే 28

ఇది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం అమ్మడు ఒక్కతే వచ్చింది. బుడ్డోణ్ణి అల్లుడికి అప్పగించి వచ్చానంది. చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో సంచిక. దాని చిన్నప్పుడు నా కవిత్వం తనకి అర్థం కాదని గొప్పగా చెప్పుకునేది, ఎప్పుడూ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఇది చదివింది. అమ్మమ్మ రాసిందని వాడికి వినిపిద్దామని చదివిందట.

"సీటు లేని సైకిలు నాన్నదే కదా?" అంది.

నాన్నదే అన్నాను.

"పలక ఊడింది మన వెంటిలేటరే."

అవునన్నాను.

"మరి పాము?"

నేను నవ్వాను. ఆ నవ్వు అంత తేలిగ్గా నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలియడం లేదు. పిచ్చిదానా, కవిత్వంలో పాము అంటే పామేనా, అది కాలం, పక్కనే ప్రొఫెసర్ గారు రాశారు చూడు అన్నాను. చూపించాను కూడా, వేలు పెట్టి. అమ్మడు నిలబడే మొత్తం చదివింది. దాని భుజాలు కిందికి దిగడం చూశాను. కుర్చీలో కూలబడి, నిన్నటి నుంచీ అన్నం దిగలేదమ్మా, నీకో దండం, నీ కవిత్వానికో దండం అని నవ్వేసింది. రెండు అరటిపళ్లు తిని, జూన్ ఒకటిన పాలసీసాలు ఎన్ని తేవాలో, ఉయ్యాల ఎక్కడ కట్టాలో మాట్లాడుకుని వెళ్లిపోయింది.

ఇన్నేళ్లలో మొదటిసారి ఒక విమర్శకుడి వ్యాఖ్యానం నాకు అక్కరకొచ్చింది. నా సొంత కూతురి కళ్లల్లో దుమ్ము కొట్టడానికి.

ఇదీ దాని కోసమే అని రాయబోయాను. కలం కదల్లేదు.

మే 29

పొద్దున్నే కాచుకుని కూర్చున్నాను. అది బయటికెళ్లడం కళ్లారా చూసి, స్టూలు వేసుకుని, వెంటిలేటరు సందులో పాత దుప్పటి కుక్కేశాను. గింజలు వెయ్యడం కూడా మానేశాను. పిట్టలకి వేసిన గింజలు పగలు పిట్టలవి, చీకటి పడ్డాక ఎలుకలవి. ఎలుకల వెనకాల ఇది. అంటే దీన్ని పిలిచింది నేనే. నా వాటా చిన్నదని కవితలు రాసుకుంటూనే, రోజుకో గుప్పెడు గింజలతో ఎన్ని ప్రాణాల దారులు మళ్లించానో చూసుకోలేదు. మనిషి ఏమీ చెయ్యకుండా ఊరికే పక్కన నిలబడడమనేది అసలు ఉందా? నిలబడ్డ చోట నీడైనా పడుతుంది కదా.

పిట్టలు గోడమీద వరసగా కూర్చుని నా గుమ్మం వైపే చూస్తున్నాయి. పాలు రాని రోజు పాల బూత్ ముందు నిలబడ్డ జనంలా ఉన్నాయి. నాకు మొహం చెల్లక తలుపేసుకున్నాను.

జూన్ 1

వచ్చాడు. సంచీలు మూడు, సీసాలు నాలుగు, గిలక ఒకటి, వాడు. అమ్మడు గుమ్మం దాటి వెళ్తూ మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి వాణ్ణి కాదు, నన్ను ముద్దుపెట్టుకుంది.

బోర్లా పడడం కొత్తగా వచ్చింది. పడతాడు, మళ్లీ వెల్లకిలా తిరగడం రాక ఏడుస్తాడు, తిప్పితే వెంటనే మళ్లీ పడతాడు. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత సుఖంగా ఎప్పుడు అలిసిపోయానో గుర్తులేదు.

జూన్ 3

పెరటి తలుపు మూసే ఉంచుతున్నాను. కిటికీలోంచి కుండీల వైపు చూడడం, వాడి వైపు చూడడం, మళ్లీ కుండీల వైపు. కళ్లల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంటున్నాను. వంటింట్లోకి వెళ్లాలన్నా వాణ్ణి ఎత్తుకునే వెళ్తున్నాను. అమ్మడు సాయంత్రం వచ్చి, అస్తమానం ఎత్తుకుని అలవాటు చేస్తున్నావ్, రేపు నాకు దిగడు అని విసుక్కుంది.

అది నాకేమీ చెయ్యలేదు. అయినా దాని మీద కోపం వస్తోంది. మొన్నటిదాకా దాన్ని వాటాదారని రాసుకున్నదాన్ని.

జూన్ 6

బియ్యం సంచీ అడుగున చిల్లు. ఎలుకలు వంటింట్లోకి దిగాయి. బయట తిండి దొరక్క కాబోలు. మందు పెడదామంటే ఇంట్లో పసివాడు. బోను తెప్పించాలి.

జూన్ 9

చంపేశాను.

జూన్ 10

రాస్తాను.

నిన్న మధ్యాహ్నం వాడు నడిమి గదిలో చాపమీద నిద్రపోయి లేచాడు. వాడి సీసా కడగడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్లాను, వంటింట్లో నీళ్లు రావడం లేదు. తలుపు వెనక్కి లాగాననే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి అది వంటింటి గడప దాటుతోంది. బియ్యం సంచీ వైపే వెళ్తోంది అది. ఈ సంగతి నాకప్పుడు తెలియదు, తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఎలుకల వెనక వచ్చింది. నేను గింజలు మానేస్తే ఎలుకలు లోపలికి వచ్చాయి, నేను సందు మూసేస్తే ఇది తలుపు వెతుక్కుంది. అప్పుడు నాకు కనిపించింది ఒకటే, దానికీ వాడికీ మధ్య ఒక గుమ్మం.

తలుపుకి అడ్డంగా వేసే ఇనప కడ్డీ చేతికొచ్చింది. కొట్టాను. మొదటి దెబ్బకే నడుం విరిగింది, అది చుట్టుకుంటూ తలెత్తి నా వైపు తిరిగింది. మళ్లీ కొట్టాను. చాలాసార్లు కొట్టాను. కదలడం మానేశాక కూడా కొట్టాను. నేనేదో అరుస్తున్నానట, టైలర్ గారు చెప్పాడు, నాకు తెలియదు. చాపమీద వాడు తలెత్తి నా చెయ్యి పైకీ కిందికీ ఆడడం చూసి కిలకిలా నవ్వాడు. తనతో ఆడుకుంటున్నాననుకున్నాడు.

టైలర్ గారు పరిగెత్తుకొచ్చి, ఇంటికెళ్లి టేపు తెచ్చి దాన్ని కొలిచాడు. విషం ఉందో లేదో ఆయనకీ తెలియదు, పొడుగు మాత్రం చెప్పాడు. వద్దంటున్నా అమ్మడికి ఫోన్ చేశాడు. అది తెల్లకోటుతోనే ఆటోలో వచ్చేసింది. ముందు వాణ్ణి తీసుకుని ఒళ్లంతా తడిమింది, గోళ్ల సందులు కూడా చూసింది. తర్వాత నన్ను కావలించుకుంది. నా చీర మీద మరకలున్నా చూసుకోలేదు. వాడికేం కాలేదమ్మా, నువ్వుండబట్టి సరిపోయింది, ఇంకేడవకు అంది.

అప్పుడే ఊరుకుని ఉంటే సరిపోయేది. ఇవాళే ఎక్కడి నుంచో వచ్చిందని టైలర్ గారు అప్పటికే నా తరఫున చెప్పేశాడు. కానీ దాన్ని అలా నేలమీద చూస్తుంటే నా నోరు నా మాట వినలేదు.

"పాపం, అది ఎప్పుడూ లోపలికి రాదే" అన్నాను.

అమ్మడి చేతులు నా మీద నుంచి జారిపోయాయి. అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"కాలం అన్నావు కదమ్మా" అంది.

టైలర్ గారికి ఏమీ అర్థం కాక, టైము ఎంతయిందో చెప్పబోయాడు.

అది సీసాలు, గుడ్డలు, గిలక అన్నీ సంచీల్లో సర్దుకుంది. ఉయ్యాల తాడు ముడి విప్పుతుంటే రాలేదు, నేను వెళ్లి విప్పాను. థాంక్స్ అంది. నా కూతురు నాకు థాంక్స్ చెప్పడం అదే మొదలు.

జూన్ 11

రాలేదు.

జూన్ 12

రాలేదు. వస్తుందని ఎవరన్నారు.

జూన్ 13

అల్లుడు ఫోన్ చేశాడు. క్రెష్‌లో చేర్చారట. బాగానే ఉందండీ, మీరు బెంగ పెట్టుకోకండి అన్నాడు. మంచివాడు, అబద్ధం ఆడడం చేతకాదు. వాడికి అప్పుడే జలుబు పట్టిందని తనే చెప్పేశాడు.

జూన్ 16

ఎడిటర్ గారి ఫోన్. 'వాటాదారు'ని ఈ ఏటి సంకలనంలోకి తీసుకున్నారట, సభలో నేనే చదవాలట. నేను చదవలేనండీ, దాన్ని చంపేశాను అన్నాను. కాలాన్ని చంపడం, ఎంత గొప్ప కొనసాగింపు, అదీ రాసి పంపండి అన్నారు. నిజంగా చంపానండీ, ఇనప కడ్డీతో అన్నాను. ఇనప కడ్డీ, ఆహా అన్నారు.

ఫోన్ పెట్టేశాను. ఈ భాషలో నిజం చెప్పాలంటే నేనిక కవిత్వం మానెయ్యాలి కాబోలు.

జూన్ 21

ఆదివారం కదా అని వాళ్లింటికి వెళ్లాను. అల్లుడు టీ పెట్టాడు. అమ్మడు ఎదురుగా కూర్చుని ఎండల గురించి, నా బీపీ మాత్రల గురించి అడిగింది. నేనూ బుద్ధిగా జవాబులు చెప్పాను. ఇద్దరం ఏదో ఆస్పత్రి వరండాలో కలిసినట్టు మాట్లాడుకున్నాం. వాడు లోపల నిద్రపోతున్నాడు. లేపుతానని అల్లుడు లేచాడు. వద్దు బాబూ, పడుకోనీ అన్నాను. అమ్మడు ఒక్క మాట అంటుందేమోనని టీ నెమ్మదిగా తాగాను.

జూన్ 25

నిన్న వాన. పెరట్లో దాన్ని పూడ్చిన చోట మట్టి కుంగింది. ఇంకాస్త మట్టి వేసి వచ్చాను.

ఇన్నాళ్లూ నా కవితల్లో మనిషిని చాలా రకాలుగా రాశాను. అతిథిగా రాశాను, దొంగగా రాశాను, కిరీటం జారిపోయిన రాజుగా రాశాను. అన్నిట్లోనూ ఆ మనిషి వేరే ఎవరో, నేను మాత్రం గట్టుమీద నిలబడి చూస్తున్నదాన్ని. వాన కొలిచిన అలవాటు, తడవకుండా కొలవడం. పిల్లని పొట్టకి కరుచుకుని పళ్లు బయటపెట్టే జంతువు ఒకటి నాలో ఉందని ఒక్క పాదంలోనూ రాయలేదు. నిన్నగాక మొన్న వంటింటి గడప దగ్గర దాన్ని చూశాను. దానికి న్యాయం తెలియదు, వాటాలు తెలియవు, చాపమీద ఉన్న పిల్లాడు ఒక్కడే తెలుసు. ఇంకోసారి అదే గడపలో అదే కనబడితే మళ్లీ కొడతాను. ఏడుస్తాను, కొడతాను. ప్రకృతిలో నా స్థానం ఏమిటని ఎవరైనా అడిగితే ఇక ఇదే చెప్పాలి.

అందుకు సిగ్గుపడడం లేదు. పాము చేసింది పాము పని. నేను కొట్టింది ఏ తల్లి జంతువైనా చేసే పని. అమ్మడితో ఆడిన అబద్ధం మాత్రం అచ్చంగా మనిషి పని, దాన్ని మోపడానికి ఇంకో ప్రాణి దొరకదు. దాని కోసమే, దాని కోసమే అని పేజీకోసారి రాసుకున్నాను. అసలు సంగతి, చెబితే వాణ్ణి తీసుకురారని భయం. ఒక్కసారి కూడా ఆ మాట రాయలేదు, నేను తప్ప ఎవరూ చదవని ఈ డైరీలో కూడా.

ఇది అమ్మడికి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జూన్ 27

చెప్పాను. ఫోన్లోనే. ప్రొఫెసర్లూ ప్రతీకలూ లేకుండా, నాకు తెలిసీ దాచాను, నువ్వు పిల్లాణ్ణి తీసుకురావేమోనని దాచాను, అంతే అన్నాను. అది విన్నది. ఊఁ అంది. తర్వాత బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది.

జూలై 2

మళ్లీ గింజలు వేస్తున్నాను. పిట్టలు తిన్నంతే, మిగిలినవి ఊడ్చేస్తున్నాను.

జూలై 8

ఇంకోటి వచ్చింది.

పొద్దున చినుకులు ఆగాక కుళాయి దగ్గర. చిన్నది, సన్నగా, ఇంకా ముదురు రంగు. మొదటిదాని పిల్లో, దీనికి దానితో ఏ సంబంధమూ లేదో. ఖాళీ అయిన చోటులోకి మరొకటి వస్తుంది, దానికి నా దుఃఖంతో పనేముంది. గుమ్మంలో ఉన్నదాన్ని ఉన్నట్టే అమ్మడికి ఫోన్ చేశాను. ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఎత్తదు. ఎత్తింది.

"అమ్మడూ, పెరట్లో పాముంది" అన్నాను.

అటు వైపు ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు కాస్త దూరమైంది, పక్కకి వచ్చినట్టుంది.

"నువ్వెక్కడున్నావ్?"

"గుమ్మంలో."

"లోపలికొచ్చి తలుపేసుకో. కిటికీలోంచి చూడు."

అలాగే చేశాను. ఏం చేస్తోందని అడిగింది. నీళ్లు తాగుతోందనుకుంటా, తల తడిలో పెట్టింది అన్నాను. ఎలా ఉందని అడిగింది. చెప్పాను. రంగు, సన్నదనం, కుండీకి చుట్టుకోబోయి మానుకోవడం, గోడ బీటలో తల దూర్చి వెనక్కి తియ్యడం, కనిపించింది కనిపించినట్టు, ఒక్క పోలికా లేకుండా చెప్పాను. అది ఫోన్ పెట్టెయ్యలేదు. మధ్యమధ్యలో ఊఁ అంటూ వింది. నా కూతురు ఇంతసేపు నా మాట విని ఎన్నేళ్లయిందో. ఎవరో వచ్చి శాంపిల్స్ గురించి అడిగితే, ఒక్క నిమిషం, మా అమ్మతో మాట్లాడుతున్నా అంది.

గోడెక్కి అవతలికి వెళ్లిపోయిందని చెప్పాను. మళ్లీ రావచ్చు అని కూడా చెప్పాను. చంపకుండా పట్టుకెళ్లేవాళ్లని పిలుస్తానన్నాను.

"పిలువు. ముందు టైలర్ మావయ్యకి తెలియనివ్వకు, టేపు పట్టుకుని వస్తాడు" అంది.

నాకు నవ్వొచ్చింది. అదీ నవ్విందనే అనుకుంటున్నాను, మిషను చప్పుడులో సరిగ్గా వినిపించలేదు.

"ఆదివారం వాణ్ణి తీసుకొస్తా. ఎత్తుకునే ఉంటా, కింద దించను" అంది.

దించొద్దు అన్నాను. నేనూ దించనులే అనబోయాను. ముందు వాణ్ణి నా చేతికివ్వాలి కదా అని ఊరుకున్నాను.